వైద్యుని చీటీ: ఉప్పు నేలకు చిటికెడు జింకు

పోయిన నెల ఈ చీటీలో రక్తహీనత గురించి, పరీక్ష చేయించుకోకుండా ఎవరికి వారే ఇనుము మాత్రలు కొని మింగడం గురించి రాశాము. దానికి వచ్చిన ఉత్తరాల్లో ఒకటి మమ్మల్ని ఇరకాటంలో పెట్టింది. ఊళ్ళో తాతల నాటి నాలుగెకరాలున్న ఒక సోదరి ఇలా రాశారు: "డాక్టరు గారూ, మా వరి చేను ఉప్పు పట్టిపోయిందట. సూక్ష్మపోషకాలు చల్లితే పైరు ఉప్పుకు తట్టుకుంటుందని, డబ్బు పంపమని మా అన్నయ్య ఫోను చేశాడు. మనుషుల టానిక్కుల సంగతి రాస్తున్నారు గదా, పైరు టానిక్కు సంగతి కూడా కాస్త చెప్పండి."

ఇది మా శాఖ కాదని తప్పుకోవచ్చు. కాని రెండేళ్ళ కిందట సరిగ్గా ఇలాంటి ఫోనే మాకూ వచ్చింది. మేమూ డబ్బు పంపాము. ఆ తరువాత జరిగింది చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగానే ఉంది గాని, చెబితే మీలో నలుగురికైనా డబ్బు మిగులుతుందని రాస్తున్నాము.

ముందు మనం ఉంటున్న చోట సంగతి. ఏప్రిల్లో మంచు పూర్తిగా కరిగాక మన ఇళ్ళ ముందు రోడ్డు వార పచ్చిక చూడండి. రోడ్డుకు ఆనుకొని రెండడుగుల మేర మాడి గోధుమరంగుకు తిరిగి ఉంటుంది. చలికాలమంతా మంచు కరగడానికి ట్రక్కులు చల్లిన ఉప్పు చేసిన పని అది. ఈ డెట్రాయిట్ నగరం కింద, వెయ్యి అడుగుల లోతు దాటాక, పెద్ద ఉప్పు గనే ఉంది. మొన్న మా అబ్బాయి అడిగాడు: "నేల తడిగానే ఉంది కదా నాన్నా, గడ్డి ఎందుకు చచ్చిపోయింది?" అని.

మంచి ప్రశ్న. ఉప్పు నేల పైరును రెండు విధాల దెబ్బ తీస్తుంది. మొదటిది దాహం. వేరు చుట్టూ ఉన్న నీటిలో ఉప్పు ఎక్కువైతే వేరు ఆ నీటిని లోపలికి లాక్కోలేదు. నడిసముద్రంలో పడవ మీద దాహంతో ఉన్న మనిషి పరిస్థితే పైరుకూ వస్తుంది. రెండవది విషం. ఉప్పులోని సోడియం వేళ్ళ గుండా లోపలికి చొరబడి, పొటాషియం ఉండవలసిన చోట తిష్ఠ వేస్తుంది. దాంతో కణం లోపలి పనులు కుంటుపడతాయి. మనకైతే ఎక్కువైన ఉప్పును బయటికి పంపడానికి మూత్రపిండాలున్నాయి. వరికి అవి లేవు. చేతనైనంత వరకు ఉప్పును ముదురాకుల్లోకి తోసి, లేతాకులను కాపాడుకుంటుంది. ముదురాకులు కొసల నుంచి మాడిపోతూ వస్తాయి. అవీ నిండిపోతే ఇక దిక్కు లేదు.

తిండి గింజల్లో ఉప్పుకు అన్నిటికన్నా సుకుమారమైనది వరే. నేలలో ఉప్పును విద్యుత్తు ప్రసరించే తీరును బట్టి కొలుస్తారు. రిపోర్టులో ఈ.సీ. అని ఉంటుంది. తడిపి ముద్ద చేసిన మట్టి నుంచి తీసిన నీటిలో అది 3 దాటితే వరి దిగుబడి తగ్గడం మొదలవుతుంది. ఆ పైన ఒక్కొక్క అంకెకు సుమారు 12 శాతం చొప్పున పోతుంది. గోధుమ 6 దాకా, బార్లీ 8 దాకా ఓర్చుకుంటాయి. వరిలో కూడా మొలకెత్తేటప్పుడు కొంత ఓర్పు ఉంటుంది. లేత నారు దశలోను, పూత దశలోను బొత్తిగా ఉండదు.

ఇక మా చిన్నాన్న చేను. అది దివిసీమలో, కాలువ శివారున ఉంది. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన గురించి ఈ పత్రిక చదివే పెద్దలకు చెప్పనక్కర లేదు. మేము అప్పటికి పుట్టలేదు. వేలమంది ప్రాణాలు తీసి, సముద్రం వెనక్కి పోతూ పొలాల్లో ఉప్పు వదిలిపెట్టి పోయిందని మా నాన్న చెప్పగా విన్నాము. సముద్రపు నీరు లీటరుకు ముప్పై అయిదు గ్రాముల ఉప్పుంటుంది. అది నిలిచిన చేలో ఏం పండుతుంది? తరువాతి సంవత్సరాల్లో వానలు, కృష్ణ కాలువ నీళ్ళు కలిసి ఆ ఉప్పును కొద్దికొద్దిగా కడిగేశాయి. మా చిన్ననాటికి ఆ చేలో సార్వా పంట నిండుగా ఉండేది.

మళ్ళీ ఈ పదేళ్ళలో చేను తెల్లబారడం మొదలయింది. ఇప్పుడు ఉప్పెన ఏమీ రాలేదు. శివారుకు కాలువ నీరు ఆలస్యంగా, అరకొరగా వస్తోంది. మురుగు కాలువ పూడి, తూటికాడతో నిండిపోయింది. చుట్టుపక్కల రొయ్యల చెరువులు వచ్చాయి. ఎండాకాలంలో అడుగునున్న ఉప్పునీరు పైకి ఎగబాకి, నీరు ఆవిరై, ఉప్పు మిగిలిపోతోంది.

రెండేళ్ళ కిందట ఆగస్టులో చిన్నాన్న ఫోను చేశాడు. "అబ్బాయ్, నాట్లేసి మూడు వారాలయింది. పైరు తిప్పుకోవడం లేదు. ఆకుల మీద తుప్పు మచ్చలు. కొట్టులో అబ్బాయి ఏదో సీసా ఇస్తానంటున్నాడు. జింకు, బోరాను, సెలీనియం, అన్నీ ఉన్నాయట. ఇది కొడితే ఉప్పు ఏమీ చెయ్యదంటున్నాడు. కొంచెం ఖరీదెక్కువ."

మేము ఆసుపత్రి నుంచి ఇంటికి వస్తూ కారులో ఉన్నాము. "ఎంతయితే అంత, పంపుతాను చిన్నాన్నా" అన్నాము. ఇక్కడ మనం ఒక వారాంతపు విందుకు పెట్టే ఖర్చు అది. ఒక్క ప్రశ్న అడగలేదు. రక్తపరీక్ష లేకుండా ఇనుము మాత్ర రాయని మేము, మట్టి పరీక్ష లేకుండా మూడెకరాలకు మందు రాసేశాము.

సీసా మందు మూడుసార్లు కొట్టారు. మొదటి వారం ఆకులు పచ్చబడ్డాయి. చిన్నాన్న ఫొటో కూడా పంపాడు. మేము మురిసిపోయి మా ఇంటావిడకు చూపించాము. మూడవ వారానికి ఆకుల కొసలు మాడాయి. సెప్టెంబరులో వానలు మొహం చాటేసేసరికి చేలో చాపలు చాపలుగా పైరు చచ్చిపోయింది. ఒక ఎకరంలో కోత కొయ్యవలసిన పనే లేకపోయింది. "నీ డబ్బు పోగొట్టానురా" అన్నాడు చిన్నాన్న. తప్పు తనదే అన్నట్టు ఆయన నొచ్చుకోవడం మాకు పంట పోయిన దానికన్నా ఎక్కువ బాధ కలిగించింది.

ఆ తరువాతే కూర్చొని చదివాము. చదివితే తేలిందేమంటే, సీసా అమ్మినవాడు చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. అందుకే అది ప్రమాదకరం.

జింకు సంగతి చూద్దాం. 1966లో ఉత్తరాదిన పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో వై. ఎల్. నెనె గారు తరాయి ప్రాంతపు వరిలో వచ్చే ఒక జబ్బును పరిశీలించారు. ఆకులు కాచు రంగుకు తిరుగుతాయి గనుక అక్కడి రైతులు దాన్ని ఖైరా అనేవారు. ఆయన తెగుళ్ళ శాస్త్రవేత్త. అయినా దానికి కారణం ఏ సూక్ష్మజీవీ కాదని, నేలలో జింకు లోపమని తేల్చారు. జింకు సల్ఫేటు, దానికి సగం సున్నం కలిపి చల్లితే పైరు కోలుకుంది. ఆ నెనె గారే తరువాత మన పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థలో ఉన్నత పదవిలో పనిచేశారు.

మరి ఉప్పుకూ జింకుకూ ఏమిటి సంబంధం? వేరు కణాల పొర గట్టిగా ఉండాలంటే జింకు కావాలి. అది లోపిస్తే పొర చిల్లుల గోనెసంచిలా అయి సోడియం సులువుగా లోపలికి వస్తుంది. ఉప్పు ఒత్తిడిలో కణాల్లో పుట్టే విషపు ఆక్సిజన్ రూపాలను అణిచే ఎంజైముల్లో ఒకదానికి జింకు, రాగి రెండూ కావాలి. అదే ఎంజైము మన ఒంట్లోనూ ఉంది. కాబట్టి జింకు లేని పైరుకు ఉప్పు దెబ్బ మరింత గట్టిగా తగులుతుంది. జింకు ఇస్తే ఆ అదనపు దెబ్బ తప్పుతుంది. ఇది నిజం.

చౌడు నేలల్లో ఈ లోపం ఎక్కువ కూడాను. నేల క్షారగుణం, అనగా రిపోర్టులో పీహెచ్ అని రాసే అంకె, ఒకటి పెరిగితే నీటిలో కరిగి ఉండే జింకు దాదాపు నూరో వంతుకు పడిపోతుంది. నీరు నిలిచిన మాగాణిలో ఇంకా తగ్గుతుంది. భాస్వరం ఎరువు ఎడాపెడా వేస్తే మరీ తగ్గుతుంది. నేలలో జింకు ఉండవచ్చు, పైరుకు అందదు. అలమారలో మందు ఉండి తాళంచెవి పోయినట్టు.

కాని జింకు చేయలేనిది ఒకటుంది. అది నేలలో ఉన్న ఉప్పును ఒక్క రవ్వ కూడా తీసెయ్యదు. ఈ పోలిక మన వైద్యంలోనే ఉంది. విరేచనాలైన పిల్లలకు ఓ.ఆర్.ఎస్. నీళ్ళతో పాటు రోజుకు 20 మిల్లీగ్రాముల జింకు, ఆరు నెలల లోపు వారికి 10 మిల్లీగ్రాములు, 10 నుంచి 14 రోజులు ఇవ్వాలని 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి చెప్పాయి. అది ఎంతో మేలు చేసింది. కాని నీళ్ళు పట్టకుండా జింకు మాత్ర ఒక్కటే వేస్తానంటే ఏ డాక్టరైనా ఊరుకుంటాడా? బిడ్డకు ముందు నీరు, దానితో జింకు. చేనుకూ అంతే: ముందు మంచినీటితో ఉప్పును కడిగి మురుగులోకి పంపడం, దానితో జింకు. మేము నీళ్ళు మాని మాత్ర ఇచ్చాము.

తక్కిన టానిక్కుల సంగతి కూడా క్లుప్తంగా చెప్పాలి. సిలికాను మంచిదే. వరి దాన్ని ఇష్టంగా తీసుకొని వేరు గోడల్లో దట్టిస్తుంది. దానివల్ల నీటితో పాటు పక్కదారిన సోడియం లోపలికి రావడం తగ్గుతుందని 1999లో ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయం వారు చూపించారు. దానికి సీసా కొననక్కర లేదు. ధాన్యపు ఊక కాలిస్తే వచ్చే బూడిదలో అధికభాగం సిలికానే. సెలీనియం కుండీల్లో చేసిన ప్రయోగాల్లో చిటికెడులో చిటికెడు వేస్తే మేలు చేసింది. కాని మేలుకూ విషానికీ మధ్య దూరం చాలా తక్కువ. పంజాబులో నవాన్‌షహర్, హోషియార్‌పూర్ ప్రాంతాల కొన్ని ఊళ్ళలో నేలలోనే సెలీనియం ఎక్కువై, మనుషులకు జుట్టు ఊడి గోళ్ళు పాడయ్యాయి. దాన్ని కొలవకుండా చేలో చల్లడం తగదు. బోరానుదీ అదే దారి. చాలా ఉప్పునీళ్ళలో అది ముందే ఎక్కువగా ఉంటుంది. అన్నీ కలిపిన సీసాలో మనకు కావలసినది ఒకటుంటే, అక్కరలేనివి నాలుగు ఉంటాయి. పైగా ఆకు మీద కొట్టే మందు కూడా ఒక ఉప్పే. ఎండవేళ మోతాదు మించి కొడితే అదే ఆకును మాడుస్తుంది.

సరే, రెండవ ఏడు ఏం చేశామో చెబుతాము. ముందు మట్టి తీయించాము. అదీ ఒక విద్యే. గట్ల పక్కన, చెట్ల కింద, పెంటకుప్ప వేసిన చోట తీయకూడదు. చేలో ఎనిమిది పది చోట్ల ఆరంగుళాల లోతున గుంట తీసి, ఆ మట్టి అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకిలోకు తేవాలి. జింకు చూడాలంటే జింకు పూత ఉన్న బకెట్టు వాడకూడదు. బకెట్టు జింకే రిపోర్టులోకి ఎక్కుతుంది! చిన్నాన్న మొదటిసారి అదే బకెట్టు పట్టుకొని బయలుదేరితే, ఫోనులోనే ఆపి ప్లాస్టిక్కుది తెప్పించాము. 2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డులో జింకు, బోరాను, ఈ.సీ., పీహెచ్‌తో సహా పన్నెండు అంశాలుంటాయి. జింకు పది లక్షల పాళ్ళలో 0.6 పాళ్ళకు తక్కువుంటే లోపమున్నట్టు. ఈ.సీ. విషయంలో మటుకు లాబులో మట్టిని ఎంత నీటిలో కలిపారో అడగండి. ఒక పాలు మట్టికి రెండు పాళ్ళ నీరు కలిపి కొలిస్తే అంకె తక్కువ కనిపిస్తుంది. అది చూసి మోసపోకూడదు.

మా చేనుకు రెండు రోగాలూ ఉన్నాయని తేలింది. ఉప్పు వరి ఓర్చుకునే హద్దును బాగా దాటింది. జింకు హద్దుకు దిగువన ఉంది. అయితే అది పాల చౌడే, కారు చౌడు కాదు. ఈ తేడా ముఖ్యం. పాల చౌడులో తెల్లగా పేరుకున్న ఉప్పును మంచినీటితో కడిగితే పోతుంది. కారు చౌడులో సోడియం మట్టినే అంటిపెట్టుకొని ఉంటుంది. నీరు ఇంకదు, నేల ఎండితే రాయి, తడిస్తే జిగురు. దానికి ముందు జిప్సం వేయాలి. జిప్సంలోని కాల్షియం సోడియాన్ని నెట్టేశాక కడగాలి. మాకు జిప్సం అవసరం పడలేదు. కొట్టు అబ్బాయి మాట వింటే అదీ కొనేవాళ్ళమేమో!

ఈసారి మేము పంపిన డబ్బులో పెద్ద భాగం మురుగు కాలువకు పోయింది. పక్క రైతులు ఆరుగురు తలా కొంత వేసుకొని, యంత్రం పెట్టి ఫర్లాంగు పొడవున పూడిక తీయించారు. కాలువ వదిలాక చేను మళ్ళుగా కట్టి, నీరు నిలిపి, రెండు మూడు రోజులకు మురుగులోకి వదిలారు. అలా మూడుసార్లు. జీలుగ చల్లి కలియదున్నారు. మచిలీపట్నం వ్యవసాయ పరిశోధన కేంద్రం వారు ఉప్పుకు తట్టుకునేలా రూపొందించిన ఎం.సి.ఎం. రకం విత్తనం తెచ్చారు. లేత నారు కాక నెల దాటిన ముదురు నారు, కుదురుకు నాలుగైదు మొక్కలు, దగ్గర దగ్గరగా నాటారు. ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు వేశారు. భాస్వరం ఎరువుతో కలపకుండా రెండిటికీ నడుమ ఎడం ఇచ్చారు. మూడు పంటలకు ఒకసారి వేస్తే చాలు. పైరు మీద మచ్చలు కనిపిస్తే లీటరు నీటికి 2 గ్రాములు కలిపి చల్లాలి. ఆ అవసరం రాలేదు. ఈ మొత్తంలో జింకుకు అయిన ఖర్చు పాత సీసా ఖరీదుకన్నా తక్కువ.

పోయిన సార్వాలో ఎకరానికి పద్దెనిమిది బస్తాలు వచ్చాయి. కాలువ ఎగువన ముప్పై దాటుతాయి గనుక ఇదేమీ చప్పట్లు కొట్టవలసిన దిగుబడి కాదు. చచ్చిన ఎకరంలో కూడా కోత కోశారు, అంతే. చిన్నాన్న మాత్రం "చేను బతికిందిరా" అన్నాడు. ఈ ఏడు కాలువ నీరు వేళకు రాకపోతే మళ్ళీ మొదటికి రావచ్చునని ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు.

చివరగా ఒక్క మాట, మా వృత్తికి దగ్గరది. మన డెట్రాయిట్‌లో వెయిన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో చాలాకాలం పనిచేసి 2022లో కన్నుమూసిన ఆనంద ప్రసాద్ గారు బీహారు వారు. పాట్నాలో వైద్యం చదివారు. 1958లో ఇరాన్‌లోని షిరాజ్‌లో ఆయన దగ్గరకు ఇరవై ఒక్క ఏళ్ళ యువకుడొకడు వచ్చాడు. చూడడానికి పదేళ్ళ పిల్లవాడిలా ఉన్నాడు. తినేది ఎక్కువగా రొట్టె, దానితో పాటు మట్టి. ఆ యువకుడిని, అలాంటి మరికొందరిని చూసి జింకు లోపమేమోనని ఆయన అనుమానించి 1961లో ప్రకటించారు. తరువాత ఈజిప్టులో రుజువు చేశారు. మనిషికి జింకు ఇంత కావాలని ఈ దేశంలో అధికారికంగా లెక్క కట్టింది 1974లో. గింజ పైపొరలో ఉండే ఫైటేటు జింకును పట్టి ఉంచుతుంది గనుక, రొట్టె ఒక్కటే తిన్నవాడికి అది ఒంటబట్టదు. అంటే నేలలోను, కడుపులోను ఒకటే కథ. ఉండడం వేరు, అందడం వేరు.

మన అన్నంలోనూ జింకు తక్కువే. పాలిష్ పట్టిన మామూలు బియ్యంలో పది లక్షల పాళ్ళకు 12 నుంచి 16 పాళ్ళుంటే, హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ వారు తెచ్చిన డి.ఆర్.ఆర్. ధాన్ 45 రకంలో 22కు పైగా ఉంటుంది. పప్పు, పెరుగు, గుడ్డు కూడా తినే మన పిల్లలకు ఇది పెద్ద సమస్య కాదు. అన్నం, పచ్చిమిరపకాయతో పూట గడిపే చోట పెద్ద సమస్యే.

కాబట్టి ఉత్తరం రాసిన సోదరికి మా జవాబు ఇది. డబ్బు పంపండి, తప్పకుండా పంపండి. మొదట మట్టి పరీక్షకు పంపండి. రిపోర్టులో జింకు తక్కువుంటే జింకు ఒక్కటే వేయించండి. కారు చౌడని వస్తే జిప్సం వేయించండి. ఏదైనా సరే, మురుగు కాలువ పారుతోందా లేదా అని మీ అన్నయ్యను అడగండి. పూడిపోయి ఉంటే ముందు దానికి పంపండి. సీసా ఎవరైనా అమ్మజూపితే, అందులో ఏమున్నాయో చదివించి వినండి, తరువాత ఆలోచించండి.

మరో సంగతి. పైరు చచ్చినా సరే, అవతలివారు నొచ్చుకునేలా మాట్లాడకండి. వారు ఎండలో నిలబడి చేసినదానికి మనం కారులో కూర్చొని సలహా ఇచ్చినవాళ్ళం.

వచ్చే నెల ఈ చీటీలో, ఎండాకాలం ఇండియా వెళ్ళేవారు పిల్లలకు వేయించవలసిన టీకాల గురించి. ఉత్తరాలు రాస్తూ ఉండండి. వ్యవసాయం మీద మటుకు ఇక అడగకండి, మాకు తెలిసినది ఇంతే.